ఖరీదైన సీడీ ప్లేయర్ ఎన్నేళ్లు మన్నుతుంది?

పాఠకుల ప్రశ్నలు, సర్వీసు బల్ల దగ్గర నుంచి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెద్ద ధర పెట్టి కొన్న సీడీ ప్లేయర్ల గురించే. ప్రశ్నలను కాస్త కుదించాను, ప్లేయర్ల కంపెనీ పేర్లు తీసేశాను. ఒక ఇంట్లో ఒక పెట్టె పాడైనంత మాత్రాన ఆ కంపెనీ మొత్తాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

ప్రశ్న: 1996లో సింగపూర్ నుంచి తెచ్చుకున్న జపాన్ సీడీ ప్లేయర్ మా ఇంట్లో ఉంది. 18 కిలోల బరువు. అప్పట్లో దానికి పెట్టిన డబ్బుతో ఇక్కడ ఒక స్కూటరు కొనొచ్చని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఈ మధ్య డిస్కు పెడితే చదవడానికి చాలాసేపు పడుతోంది. చదివాక మొదటి పాటలు బాగానే వస్తాయి, చివరికి వచ్చేసరికి గెంతుతుంది. కచేరీ సీడీ అయితే తనియావర్తనం దాకా ఏ ఇబ్బందీ లేదు, మంగళం మాత్రం వినలేకపోతున్నాం. ఒక షాపులో ‘లెన్స్ పోయింది, పార్టు దొరకదు, పక్కన పెట్టేయండి’ అన్నారు. ఇంకొకతను ‘లోపల చిన్న స్క్రూ తిప్పితే పాడుతుంది, వెయ్యి రూపాయలివ్వండి’ అన్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఇంత ఖరీదైన వస్తువు జీవితాంతం రావాలి కదా?
– విశ్రాంత బ్యాంకు అధికారి, తిరువాన్మియూరు, చెన్నై

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టండి సార్. స్క్రూ తిప్పుతానన్న అతన్నయితే మూత కూడా తీయనివ్వకండి.

సీడీని ప్లేయర్ లోపలి నుంచి బయటి అంచు వైపు చదువుతుంది. మొదటి పాట రంధ్రానికి దగ్గరగా ఉంటుంది, మీ మంగళం అంచున ఉంటుంది. లోపల ఉన్నప్పుడు డిస్కు నిమిషానికి దాదాపు 500 చుట్లు తిరుగుతుంది, అంచుకు చేరేసరికి అది 200కు దిగుతుంది. డిస్కులో ఎన్ని పాటలున్నాయో, ఏది ఎక్కడుందో చెప్పే సూచిక కూడా లోపలి అంచునే ఉంటుంది. డిస్కును చదివే లేజర్ (షాపువాళ్లు ‘లెన్స్’ అన్నది దీన్నే) నిజంగా పోతే ప్లేయర్ ఆ సూచికే చదవలేక ‘నో డిస్క్’ అని చూపించి ఆగిపోతుంది. మీది అలా కాదు. గంటసేపు శుభ్రంగా పాడి ఆ తర్వాత తడబడుతోంది. అందుకని నా అనుమానం లేజర్ మీదికి పోవడం లేదు, దాన్ని మోసే సరంజామా మీదికి పోతోంది.

లేజర్ ఒక సన్నని ఉక్కు కడ్డీ మీద మెల్లగా బయటికి జరుగుతుంది. ఆ కడ్డీకి ఫ్యాక్టరీలో రాసిన గ్రీజు పాతికేళ్లు దాటాక ఎండి జిగురు పడుతుంది. లోపలి సగంలో రోజూ తిరుగుతుంది కాబట్టి అక్కడ దారి తేలిగ్గానే ఉంటుంది. చివరిదాకా వినే డిస్కులు తక్కువ కావడంతో బయటి సగంలో గ్రీజు కదలక గట్టిపడుతుంది. లేజర్ అక్కడికి వచ్చి ఆగుతుంది, కాస్త ఒత్తిడి పెరిగాక ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మీకు వినిపించే గెంతు అదే కావచ్చు. పాత గ్రీజును పూర్తిగా తుడిచి, ప్లాస్టిక్‌ను తినని పల్చటి గ్రీజు కొద్దిగా రాస్తే చాలాసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది. ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉంది కదా అని రెండు చుక్కలు వేయకండి, అది పాకి లెన్స్ మీదికి చేరుతుంది.

గ్రీజుతో తీరకపోతే డిస్కును తిప్పే మోటారును చూడాలి. దాని ఇరుసు కొద్దిగా అరిగినా, డిస్కు కూర్చునే బిళ్ల కాస్త కిందికి జారినా డిస్కు ఊగుతూ తిరుగుతుంది. ఆ ఊపు రంధ్రం దగ్గర తక్కువ, అంచు దగ్గర ఎక్కువ. సీడీ మీద ఒక వరసకూ పక్క వరసకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. అంత సన్నని దారిని పట్టుకుని పోయే లేజర్‌కి డిస్కు ఊగుతుంటే దారి తప్పడం ఖాయం.

ఇక చదవడానికి చాలాసేపు పట్టడం. ఇందులో లెన్స్ మీద పొర ఒక కారణం. మన ఇళ్లలో హాల్లోనే పూజ, హాల్లోనే మ్యూజిక్ సిస్టమ్. సాంబ్రాణి పొగ, అగరొత్తులు, వంటింటి తాలింపు, పైగా మీది సముద్రానికి దగ్గర. అన్నీ కలిసి లెన్స్ మీద కంటికి కనిపించని జిడ్డు పొర పేరుస్తాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండేసిన దూది పుల్లతో, బరువు వేయకుండా, తాకీ తాకనట్టు ఒకసారి తుడవాలి. లెన్స్ సన్నని తీగల్లాంటి ఆధారాల మీద వేలాడుతుంటుంది, గట్టిగా నొక్కితే అవి వంగి మళ్లీ సరికావు.

ఇవన్నీ చేశాకే లేజర్ సంగతి. అది బాగుందో లేదో ఊహతో చెప్పకూడదు, కొలిచి చెప్పాలి. చాలా సోనీ లేజర్ల మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది, అందులో 485 అని ఉంటే కొత్తలో అది తీసుకున్న కరెంటు 48.5 మిల్లీ ఆంపియర్లు అని అర్థం. ఇప్పుడు కొలిస్తే దానికి పదిశాతానికి మించి ఎక్కువ తీసుకుంటోందా, లేజర్ ముసలిదైంది. ఆ దగ్గరలోనే ఉందా, ఇంకా బతుకుంది. దానితో పాటు ఓసిల్లోస్కోప్, అంటే సిగ్నల్‌ను తెర మీద గీతలుగా చూపే పరికరం మీద సిగ్నల్ చూడాలి. బాగున్న ప్లేయర్‌లో గీతలు ఒకదానిమీద ఒకటి పడి మధ్యలో శుభ్రమైన డైమండ్ ఆకారాలు కనిపిస్తాయి, నీరసించిన దానిలో అవి మసకబారతాయి. ఓసిల్లోస్కోప్ లేని షాపులో ‘లెన్స్ పోయింది’ అనే తీర్పు వినకండి.

ఆ రెండో అతను తిప్పుతానన్న స్క్రూ లేజర్ వెలుగు ఎంత ఉండాలో నిర్ణయించే చిన్న పొటెన్షియోమీటర్. లేజర్ వయసుతో మసకబారితే, పక్కనే ఉన్న సెన్సర్ దాన్ని గమనించి కరెంటు పెంచి వెలుగును నిలబెడుతుంది. అంటే ముసలి లేజర్ అప్పటికే శక్తికి మించి పనిచేస్తోంది. ఆ స్క్రూ తిప్పి ఇంకా పెంచడం ముసలి ఎద్దును ముల్లుకర్రతో పొడవడమే. నాలుగు అడుగులు వేస్తుంది, తర్వాత లేవదు. వెయ్యి రూపాయలు తీసుకున్న మనిషి ఆ నాలుగు అడుగులు చూపించి వెళ్లిపోతాడు. బాగున్న లేజర్‌ని కూడా ఆ స్క్రూ ఒక్కసారి తిప్పి చంపేయొచ్చు. నాకు పని నేర్పిన పెద్దాయన దాని మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టేవారు, ఎవరైనా తిప్పితే తెలుస్తుందని. నేనూ పెడతాను.

మీ చివరి మాటకు వస్తాను. ఖరీదైనది జీవితాంతం రావాలి కదా అన్నారు. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, దానికి నేను నమ్మిన జవాబు ఒకటుంది. ప్లేయర్ ఆయువు దాని ధరలో లేదు, లోపలి లేజర్ రేపు దొరుకుతుందా లేదా అన్నదానిలో ఉంది.

మీ డబ్బు వృథా కాలేదు సార్. ఆ 18 కిలోల్లో ఉన్న రాగి ట్రాన్స్‌ఫార్మర్, మందపాటి ఇనుప అడుగు, మంచి సర్క్యూట్ బోర్డులు నిజంగానే దశాబ్దాలు వస్తాయి. డిజిటల్‌ను శబ్దంగా మార్చే చిప్ దానంతటది పోవడం నేను అరుదుగా చూశాను. కానీ సీడీ ప్లేయర్ అంటే తిరిగే యంత్రం కూడా. ఆ తిప్పే, చదివే భాగాన్ని స్వయంగా తయారుచేసుకున్న కంపెనీలు ప్రపంచంలో చాలా కొద్ది. ఫిలిప్స్, సోనీ, సాన్యో లాంటి పెద్ద సంస్థలు వాటిని తయారుచేసి అమ్మేవి. ఏడాదికి కొన్ని వందల ప్లేయర్లు చేసే చిన్న హై ఎండ్ కంపెనీలు వాటిని కొని తమ అందమైన పెట్టెలో బిగించేవి. సోనీ కేఎస్ఎస్-213 కుటుంబం లేజర్లు బజార్లో అమ్మే టూ ఇన్ వన్‌లలోనూ ఉన్నాయి, ఖరీదైన ప్లేయర్లలోనూ ఉన్నాయి. ‘అంత డబ్బు తీసుకుని టూ ఇన్ వన్ లేజర్ పెట్టారా’ అని కొందరు బాధపడతారు. నేనైతే సంతోషిస్తాను. కోట్లలో తయారైన పార్టు కాబట్టి అది ఇప్పటికీ దొరుకుతోంది, పెద్ద ఖర్చు లేకుండా ప్లేయర్‌కి ఇంకో జన్మ ఇవ్వొచ్చు.

అసలు కష్టమంతా హై ఎండ్ కోసం ప్రత్యేకంగా చేసిన వాటితోనే. ఫిలిప్స్ సీడీ-ప్రో2 అనే మెకానిజం ఉంది. లోహపు అడుగుతో గట్టిగా ఉంటుంది, ఒకప్పుడు చాలా ఖరీదైన ప్లేయర్లు దాన్నే వాడాయి. దాని తయారీ ఆగిపోయింది. మిగిలిన కొద్ది నిల్వల ధర సామాన్యులు భరించేది కాదు. అలాగే ఫిలిప్స్ తొలినాళ్ల సీడీఎం-1 పోతపోసిన లోహం, గాజు లెన్స్, చేయి ఊపినట్టు కదిలే మెకానిజం. అది ఉన్న ప్లేయర్లు నలభై ఏళ్ల తర్వాత కూడా పాడుతున్నాయి. తర్వాత వచ్చిన సీడీఎం-12 ఎక్కువగా ప్లాస్టిక్, అంత ఆయువు లేదు. రెండూ ఒకే కంపెనీ, రెండూ ఖరీదైన ప్లేయర్లలో ఉన్నాయి. బయటి కంపెనీ పేరు బిళ్ల చూసి మీరు వీటి తేడా కనిపెట్టలేరు.

కాబట్టి మీరు చేయాల్సిన పని, మీ ప్లేయర్ మోడల్ నంబరు పెట్టి సర్వీసు మాన్యువల్ సంపాదించడం. అందులో లేజర్ నంబరు ఉంటుంది. ఆ నంబరు నాకు రాయండి, పార్టు దొరికేదో కాదో చెబుతాను. దొరికేదైతే నిశ్చింతగా గ్రీజు పని చేయించుకుని వినండి. దొరకనిదైతే అదే గ్రీజు పని రేపటికి వాయిదా వేయకుండా ఈ వారమే చేయించండి. బిగుసుకున్న కడ్డీ మీద లేజర్‌ని నెట్టే కొద్దీ దాని మోటారు కూడా పోతుంది.

ఇంకొక్క మాట. ప్లేయర్ గాజు తలుపుల చెక్క బీరువాలో, కింద ఆంప్లిఫైయర్, పైన ఇది, అలా ఉంటే వెంటనే బయటికి తీయండి. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు, అంటే కరెంటును నిల్వచేసే చిన్న డబ్బాల్లాంటి భాగాలకు, వేడి పెద్ద శత్రువు. చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయువు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లందరికీ తెలిసిన లెక్క. చెన్నైలో మే నెలలో బయటే 40 దాటుతుంది, ఇక మూసిన బీరువాలో ఎంతుంటుందో ఆలోచించండి.

ప్రశ్న: నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, మాది ఒంగోలు. స్ట్రీమింగ్ వింటూ విసుగొచ్చి నాన్నగారి సీడీలన్నీ తెచ్చుకున్నాను. జపాన్ నుంచి సెకండ్ హ్యాండ్ హై ఎండ్ ప్లేయర్ తెప్పించుకుందామని చూస్తున్నాను. కొత్తగా ఉన్నప్పుడు లక్షలు చేసినవి ఇప్పుడు బాగా తగ్గాయి. సూపర్ ఆడియో సీడీ కూడా పాడేది తీసుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చూసుకుని కొనాలి?
– 31 ఏళ్ల పాఠకుడు, మారతహళ్లి

జవాబు: తమ్ముడూ, నాన్నగారి సీడీలు తెచ్చుకున్నందుకు ముందు నీకు అభినందనలు. ఇప్పుడు టెన్షన్ పడాల్సిన విషయాలు చెబుతాను.

మొదటిది కరెంటు. జపాన్‌లో ఇళ్లకు వచ్చేది 100 వోల్టులు, మనకు 230. అక్కడి లోకల్ మోడల్‌ను నేరుగా మన ప్లగ్‌లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అంతటితో కథ ముగుస్తుంది. కొన్నిటికి వెనక వోల్టేజి మార్చే స్విచ్ ఉంటుంది, చాలావాటికి ఉండదు. వోల్టేజి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడొచ్చు. కానీ మన బజార్లో సులువుగా దొరికేవి అమెరికా సామాన్ల కోసం చేసిన 110 వోల్టులవి. అది 100 వోల్టుల పెట్టెకు పదిశాతం ఎక్కువ, రోజూ లోపల వేడి పెరుగుతుంది. 100 వోల్టులే ఇచ్చేలా ప్రత్యేకంగా చుట్టించుకో. మీ ఊరి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్‌లో అడిగితే చుట్టిచ్చేవాళ్ల దగ్గరికి దారి చూపిస్తారు. ప్లగ్ దగ్గర మీటరు పెట్టి వోల్టేజి చూశాకే ప్లేయర్ తగిలించు.

రెండోది పైన బ్యాంకు అధికారి గారికి చెప్పిందే. ప్లేయర్ నచ్చిన వెంటనే దాని లేజర్ నంబరు వెతుకు, ఆ నంబరు కొత్త పార్టు ఇప్పుడు అమ్మకంలో ఉందో లేదో చూడు. దొరకని లేజర్ ఉన్న పెట్టె ఎంత చవకగా వచ్చినా వద్దు. ఆ లేజర్ పోయిన రోజున నీ చేతిలో మిగిలేది చాలా అందమైన ఇనుప పెట్టె. టియాక్ వాళ్ల వీఆర్‌డీఎస్ మెకానిజం గురించి చదివి ముచ్చటపడతావు, పడాల్సిందే. డిస్కును దాదాపు దానంతే వెడల్పున్న లోహపు పళ్లెంతో పైనుంచి పట్టుకుని ఏ వణుకూ లేకుండా తిప్పుతుంది. యంత్రంగా దాన్ని చూస్తే చేసినవాళ్లకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. అయినా అందులోనూ చదివేది లేజరే, ఆ లేజర్ దొరుకుతుందా అన్న ప్రశ్న దానికీ వర్తిస్తుంది.

సూపర్ ఆడియో సీడీ సంగతి. మామూలు సీడీ కంటే శబ్దాన్ని ఎక్కువ వివరంగా నింపుకునే ఈ డిస్కు 1999లో వచ్చింది. మామూలు సీడీని 780 నానోమీటర్ల పరారుణ లేజర్ చదువుతుంది, దీనికి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ కావాలి. అంటే ఒకే ప్లేయర్ రెండు రకాల కాంతితో పనిచేయాలి. పార్టులు ఎక్కువ, సర్దుబాటు ఎక్కువ, తయారైన లేజర్లు తక్కువ. నాన్నగారి డిస్కులన్నీ మామూలు సీడీలే అయినప్పుడు ఆ అదనపు కష్టం నీకెందుకు? సీడీ ఒక్కటే పాడే ప్లేయర్ తీసుకో. నా సలహా గట్టిగానే చెబుతున్నాను.

అమ్మేవాడిని కొన్ని వీడియోలు అడుగు. ట్రే తెరుచుకోవడం మూసుకోవడం, డిస్కు పెట్టినప్పటి నుంచి పాట మొదలయ్యే దాకా, 70 నిమిషాలు దాటిన డిస్కులో చివరి పాట, ఆ తర్వాత మొదటి పాటకు దూకడం. ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో. వెనుక డిజిటల్ అవుట్‌పుట్ ఉందేమో చూసుకో. రేపు లోపలి ఆడియో భాగం పాడైనా బయట ఒక డాక్ (డీఏసీ, డిజిటల్‌ను శబ్దంగా మార్చే పెట్టె) పెట్టుకుని దీన్ని డిస్కు తిప్పే పెట్టెగా వాడుకోవచ్చు.

వచ్చాక అడుగున స్క్రూలు చూడటం మర్చిపోకు. బరువైన ప్లేయర్లలో చాలావాటికి ప్రయాణంలో మెకానిజం కదలకుండా బిగించే ట్రాన్స్‌పోర్ట్ స్క్రూలుంటాయి. అవి తీయకుండా ఆన్ చేస్తే లేజర్ కదలలేక కొట్టుకుంటుంది.

ప్రశ్న: మా మామగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన సీడీ ప్లేయర్ అప్పటి నుంచి అటక మీద దుప్పటి చుట్టి ఉంది. మా అబ్బాయి ప్లగ్ పెట్టి చూద్దామంటున్నాడు. పెట్టొచ్చా?
– గృహిణి, కోడంబాక్కం, చెన్నై

జవాబు: అమ్మా, అబ్బాయిని కొంచెం ఆగమనండి. ఏళ్ల తరబడి కరెంటు తగలని కెపాసిటర్లు ఒక్కసారిగా 230 వోల్టులు పడితే దెబ్బతినొచ్చు. మా బల్ల దగ్గర అయితే వేరియాక్ అనే పెట్టె ద్వారా వోల్టేజిని తక్కువ నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతాం. ఆ సౌకర్యం ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

దానికంటే ముందు మూత తీయించండి. ప్లగ్ తీసి ఉన్నప్పుడే సుమా. చెన్నై ఇళ్ల అటకల మీద పెట్టిన పెట్టెల్లో చీమలు గూడు కడతాయి, బొద్దింకలు గుడ్లు పెడతాయి, బల్లి వెచ్చదనం కోసం దూరి బోర్డు మీదే చచ్చిపోతుంది. వాటి తేమ రాగి గీతలను తినేస్తుంది. బ్రష్షుతో దులిపి, పచ్చగా పట్టిన చోట్ల ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాకే కరెంటు.

ట్రే తెరుచుకోకపోతే భయపడకండి. లోపల చిన్న రబ్బరు బెల్టు గట్టిపడి ఉంటుంది, అంతే. అది చాలా తక్కువ ఖర్చు. ఆయన చివరగా విన్న డిస్కు ఇంకా అందులో ఉండే అవకాశం ఉంది, ట్రేని చేత్తో బలవంతంగా లాగొద్దని చెప్పండి.

ప్రశ్న: లెన్స్ క్లీనర్ సీడీలు వాడొచ్చా?
– పాఠకురాలు, పెరంబూరు

జవాబు: ఖరీదైన ప్లేయర్‌లో వద్దు. ఆ డిస్కు అడుగున చిన్న బ్రష్షులుంటాయి, తిరిగేటప్పుడు అవి లెన్స్‌ని కొడతాయి. నేను పైన చెప్పిన సన్నని ఆధారాలు దెబ్బతింటాయి.

ప్రశ్న: 2003 ప్రాంతంలో మార్గళి కచేరీలను ఇంట్లోనే సీడీ-ఆర్‌లలో రాసుకున్నాను. నా మంచి ప్లేయర్‌లో కంపెనీ సీడీలు హాయిగా వస్తాయి, ఈ సీడీ-ఆర్‌లు మాత్రం సగం రావు. కంప్యూటర్‌లో పెడితే వస్తున్నాయి. పాడైంది డిస్కులా, ప్లేయరా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మైలాపూరు

జవాబు: మాస్టారూ, దీనికి జవాబు ఇచ్చే ముందు ఒక విన్నపం. ఈ ఉత్తరం చదవడం పూర్తికాగానే, మిగతా పనులన్నీ ఆపి, ఆ డిస్కుల్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయించండి. ఇంట్లో పిల్లలు ఉంటే వాళ్లకు చెప్పండి. ప్లేయర్ పోతే ఇంకోటి వస్తుంది. ఆ కచేరీ ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

కంపెనీ సీడీలో ప్లాస్టిక్‌లో గుంటలు అచ్చొత్తి, వాటి మీద అల్యూమినియం పొర పూసి ఉంటుంది. మనం రాసుకున్న సీడీ-ఆర్‌లో రసాయన రంగు పొర ఉంటుంది, రాసేటప్పుడు లేజర్ వేడికి అక్కడక్కడా అది మారిపోతుంది. ఆ రంగు వెలుతురుకీ వేడికీ మెల్లగా పాడవుతుంది. దానికి తోడు సీడీ-ఆర్ వెలుగును కంపెనీ సీడీ కంటే కాస్త తక్కువగా తిప్పి పంపుతుంది. నియమం ప్రకారం కంపెనీ సీడీ కనీసం 70 శాతం, సీడీ-ఆర్ 65 శాతం. కొత్త లేజర్‌కి ఈ తేడా లెక్కలోకి రాదు. నీరసించిన లేజర్‌కి ఇదే ఎక్కువవుతుంది. అందుకే నేను లేజర్ ఆరోగ్యం చూడటానికి ఒక సీడీ-ఆర్ పెట్టి చూస్తాను. కంపెనీ సీడీలు పాడుతూ సీడీ-ఆర్‌లు పాడకపోతే లేజర్‌కి వయసు మీద పడటం మొదలైందని మొదటి సూచన. మీ విషయంలో డిస్కులు, ప్లేయరు రెండూ కాస్త కాస్త దిగజారి ఉంటాయని అనుకుంటున్నాను. కంప్యూటర్ డ్రైవ్ తప్పొచ్చిన చోట వేగం తగ్గించి మళ్లీ మళ్లీ చదవగలదు, మీ ప్లేయర్ పాట ఆపకుండా ఒకే వేగంతో పోవాలి. అందుకే అక్కడ వస్తున్నాయి.

సీడీలో తప్పుల్ని సరిచేసే ఏర్పాటు గొప్పది. వరసలో దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం పూర్తిగా పోయినా లెక్కలు వేసి మొత్తం తిరిగి తెచ్చుకోగలదు, మనకు చెవికి తేడా తెలియదు. అందుకే డిస్కు పాడవుతున్న సంగతి మనకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. గెంతడం మొదలైందంటే ఆ రక్షణ అప్పటికే అయిపోయింది. ఇంకా సగం వస్తున్నాయన్న ధైర్యం పెట్టుకోవద్దు.

కాపీ చేసేటప్పుడు ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రాంతో, శబ్దంలో ఏమీ పోగొట్టని ఫ్లాక్ ఫైళ్ల రూపంలో, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో దాచండి. రాసిన డిస్కుల మీద పెన్నుతో పేర్లు రాసి ఉంటే ఆ పైవైపు జాగ్రత్త. సీడీలో సమాచారం ఉండే పొర పైవైపుకే దగ్గర, దాని మీద సన్నని లక్క పూత మాత్రమే ఉంటుంది. మెరిసే కిందివైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపాడుతుంది. అందరూ కిందివైపు గీతలకు కంగారుపడతారు, పైవైపు గీత పడితే మాత్రం దానికి మందు లేదు. కాపీ అయ్యాక ప్లేయర్ నాకు చూపించండి, కొలిచి చెబుతాను.

ప్రశ్న: ప్లేయర్‌ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే శబ్దం బాగుంటుందని, ఎక్కువకాలం వస్తుందని చెబుతున్నారు. నిజమేనా?
– పాఠకుడు, అంబత్తూరు

జవాబు: విననప్పుడు ఆపేయండి. పాట ఆగితే లేజర్ ఆరిపోతుంది కాబట్టి దానికి నష్టం లేదు గానీ, వేడికి కెపాసిటర్లు రోజంతా ఎండుతుంటాయి. మన ఊళ్లో కరెంటు పోయి వచ్చేటప్పుడు వచ్చే వోల్టేజి దెబ్బ కూడా ఆన్‌లో ఉన్న పెట్టెకే తగులుతుంది. వినబోయే అరగంట ముందు ఆన్ చేసుకోండి, చాలు. వర్షాకాలంలో మాత్రం వారానికోసారి ఒక డిస్కు పూర్తిగా పాడించండి. లోపలి తేమ పోతుంది, ఆ కడ్డీ మీద గ్రీజు కూడా చివరిదాకా కదులుతుంది.

ప్రశ్న: స్కాట్లండ్ ఆడియో కంపెనీ లిన్ 2009లోనే సీడీ ప్లేయర్ల తయారీ ఆపేసిందని చదివాను. నా ప్లేయర్ (వేరే కంపెనీ) బాగానే పనిచేస్తోంది, దాని లేజర్ ఇప్పటికీ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. ముందుజాగ్రత్తగా ఒకటి కొని దాచుకోవాలా? నకిలీలు ఉంటాయని భయంగా ఉంది.
– ఆడిటర్, టి.నగర్

జవాబు: కొనండి. వీలైతే రెండు. ఈ ఉత్తరాలన్నింటిలో నాకు బాగా నచ్చిన ఆలోచన మీది. ప్లేయర్ బాగున్నప్పుడే ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే నాకు ప్రాణం లేచి వస్తుంది, సాధారణంగా నా దగ్గరికి వచ్చేసరికి పార్టు తయారీ ఆగి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

నకిలీల భయం నిజమే. పాత ప్లేయర్ల నుంచి పీకిన లేజర్లను తుడిచి కొత్తవని అమ్ముతారు, వేరే ఎవరో పోతపోసిన కాపీలూ ఉంటాయి. కాపీలు కొన్ని బాగానే పాడతాయి, కొన్ని పెట్టిన వారంలోనే మొండికేస్తాయి. వచ్చిన పార్టు మీద స్క్రూలు తిప్పిన గాట్లు, పళ్లచక్రాల మీద పాత గ్రీజు, గీతలు పడ్డ లెన్స్ ఉంటే వెనక్కి పంపండి. ఊరికే దాచిపెట్టకండి, మీ మెకానిక్ చేత ఒకసారి బిగింపించి పాడించి, కరెంటు కొలిపించి, ఆ అంకె కాగితం మీద రాయించుకుని మళ్లీ తీసి దాచండి. మూడేళ్ల తర్వాత అది పనిచేయదని తెలిస్తే అమ్మినవాడు దొరకడు.

దాచే పద్ధతి కూడా ముఖ్యం. లేజర్ డయోడ్‌కి మన చేతి నుంచి దూకే స్థిర విద్యుత్తు చాలు, చచ్చిపోవడానికి. అందుకే కొత్త సోనీ లేజర్ల చిన్న బోర్డు మీద రెండు బిందువులను కలుపుతూ ఒక సోల్డర్ చుక్క ఉంటుంది, అది దానికి కవచం. పార్టును బిగించి, కేబుల్ తగిలించాక మాత్రమే ఆ చుక్కను తీయాలి. పరీక్షించి తిరిగి తీసేటప్పుడు, కేబుల్ ఊడదీయకముందే ఆ చుక్క మళ్లీ పెట్టించండి. తర్వాత యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, ఒక సిలికా జెల్ పొట్లం వేసి, గాలి చొరబడని డబ్బాలో, బెడ్‌రూమ్ బీరువాలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, బయటికి తీయగానే చెన్నై గాలికి లెన్స్ మీద నీళ్లు పడతాయి. డబ్బా మీద ప్లేయర్ మోడల్, లేజర్ నంబరు, కొలిచిన కరెంటు, తేదీ పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, మీ ఇంట్లోవాళ్లకు ఆ డబ్బా ఎందుకో తెలిసేలా.